సైబీరియా పక్షులు కావు, మన చింతచెట్ల పక్షులు

శ్రీకాకుళం జిల్లాలో ఏ బడి పిల్లవాడినైనా పిలిచి “తేలినీలాపురం పక్షులు ఎక్కడి నుంచి వస్తాయి?” అని అడగండి. “సైబీరియా నుంచి” అని ఠక్కున చెబుతాడు. టీచర్లు అదే చెబుతారు, పత్రికల్లో ఏటా అదే రాస్తారు, విహారయాత్రకు తీసుకువెళ్ళిన బస్సు డ్రైవరు కూడా అదే చెబుతాడు. వేల మైళ్ళ దూరం నుంచి మన జిల్లాను వెతుక్కుంటూ వచ్చాయంటే మనకూ గొప్పగానే ఉంటుంది. కానీ ఆ మాట నిజం కాదు. నిజం కాకపోవడం వల్ల ఆ పక్షులకూ, వాటితోపాటు మన ఊళ్ళకూ నష్టం జరుగుతోంది. ఆ సంగతే ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకుందాం.

రెండు ఊళ్ళు, మూడు రకాల పక్షులు

ముందుగా ఆ పక్షులు ఏవో చూద్దాం. తేలినీలాపురం టెక్కలి మండలంలో, నౌపడకు దగ్గరలో ఉన్న చిన్న ఊరు. వానలు వెనకబట్టే రోజుల్లో, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడికి రెండు రకాల పక్షులు వస్తాయి. ఒకటి గూడబాతు. ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతూ ఉంటుంది. రెండోది ఎర్రకాళ్ళ కొంగ. పసుపుపచ్చని ముక్కు, రెక్కల చివర గులాబీ రంగు ఈకలు దీని గుర్తు. ఇవి ఊళ్ళోని చింత, రావి, తుమ్మ వంటి చెట్ల మీద గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి.

రెండో ఊరు తేలుకుంచి. ఇది ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దున ఉంది. ఇక్కడికి వచ్చేది నత్తగుల్ల కొంగ. తొలకరికి వస్తుంది, వరి కోతల కాలానికి పిల్లలతో వెళ్ళిపోతుంది. దీని ముక్కు విచిత్రంగా ఉంటుంది. మూసుకున్నా పై దవడకూ కింది దవడకూ మధ్య సందు మిగిలిపోతుంది. పుట్టినప్పుడు పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. జారిపోయే నత్తగుల్లను పట్టుకోవడానికి ఈ సందు పనికివస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పొలంలో నత్తలు తింటుంది కాబట్టి రైతుకు ఇది మిత్రుడు. గూళ్ళ కింద రాలే రెట్ట మంచి ఎరువు.

ఈ రెండు ఊళ్ళలోనూ పక్షులు రావడం శుభమని, అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని పెద్దల నమ్మకం. వాటిని కొట్టనివ్వరు. ప్రభుత్వం బోర్డులు పెట్టకముందే, మన అమ్మమ్మలూ తాతయ్యలూ ఆ పక్షులకు కాపలా కాశారు. వాళ్ళు ఏ కాలేజీలోనూ చదవలేదు. మా ఇంట్లో కూడా మాకంటే ముందు డిగ్రీ పట్టా పుచ్చుకున్నవారు లేరు. అయినా ఏ పక్షి ఏ కార్తెలో వస్తుందో, ఏ చెట్టు మీద వాలుతుందో చెప్పగలిగిన వాళ్ళు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. చదువుకున్న మనం చేయవలసిన పని ఆ తెలివిని సరిగ్గా రాసిపెట్టడం, అందులో కలిసిన పొరపాటును తీసెయ్యడం.

సైబీరియా మాట ఎందుకు తప్పు?

ఒక చిన్న తర్కంతోనే ఇది తేలిపోతుంది. సైబీరియాలో చలికాలం నేలంతా మంచు. తిండి దొరకదు. అందుకని అక్కడి పక్షులు చలికాలంలో దక్షిణానికి వస్తాయి. ఇక్కడ తిని, బలం పుంజుకుని, ఎండాకాలం రాగానే తిరిగి వెళ్ళి అక్కడే గూడు కట్టి పిల్లల్ని పెడతాయి. అంటే ఉత్తరాది నుంచి వలస వచ్చే పక్షి మన దగ్గర గుడ్డు పెట్టదు. మన దగ్గర దానికి తిండి మాత్రమే, పురుడు అక్కడే.

మరి తేలినీలాపురం గూడబాతు ఎక్కడ గుడ్డు పెడుతోంది? మన చింతచెట్టు మీద! పిల్ల మొదటిసారి కళ్ళు తెరిచి చూసేది టెక్కలి ఆకాశాన్ని. మొదటిసారి ఈత కొట్టేది మన చెరువులో. గూడబాతు ప్రపంచంలో దక్షిణాసియాలోనూ, ఆగ్నేయాసియాలోనూ మాత్రమే గూడు కడుతుంది. మన దేశం, శ్రీలంక, కాంబోడియా దాని ముఖ్యమైన నెలవులు. ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ కూడా అంతే. ఇవి పూర్తిగా ఈ నేల పక్షులు. పిల్లలు ఎగరగలిగాక, నీళ్ళు ఎక్కడ ఉంటే అక్కడికి, చెరువులూ సరస్సులూ తీరమూ వెతుక్కుంటూ చెదిరిపోతాయి. కాలం రాగానే మళ్ళీ గూడు కట్టడానికి వస్తాయి. పని కోసం చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్ళి, పురిటికి పుట్టింటికి వచ్చే మన అక్కచెల్లెళ్ళ లాంటివి అవి. వాటిని ఎవరైనా విదేశీయులంటారా?

“ఏ దేశానివైతే ఏమిటి, కాపాడితే చాలదా?” అని మీరు అడగవచ్చు. చాలదు. పక్షి సైబీరియాది అనుకున్నప్పుడు, అది రాకపోతే “అక్కడేదో అయి ఉంటుంది” అని ఊరుకుంటాం. అది మనదే అని తెలిసినప్పుడు, రాకపోతే “మన చెరువుకేమైంది? మన చెట్టుకేమైంది?” అని అడుగుతాం. తేడా అక్కడే ఉంది.

నిజంగా ఉత్తరాది అడవుల నుంచి వచ్చేవి

అలాగని సైబీరియా పక్షులు మన వైపు రావా అంటే, వస్తాయి. సైబీరియాలో టైగా అనే మహారణ్యం ఉంది. దేవదారు వంటి సూదిమొన ఆకుల చెట్లతో రష్యా ఈ చివర నుంచి ఆ చివర వరకూ పరుచుకున్న అడవి అది. ఆ అడవుల్లో పుట్టిన పక్షుల్లో కొన్ని చలికాలానికి తూర్పు కనుమల దాకా వస్తాయి. అయితే అవి గూడబాతులా పెద్దవి కావు. ఆకుల మధ్య గెంతుతూ పురుగులు ఏరుకునే చిట్టి పిట్టలు. కొన్ని పది గ్రాములు కూడా తూగవు. జీడితోటలోనో మామిడి కొమ్మ మీదో అవి మన పక్కనే ఉన్నా ఎవరూ కళ్ళెత్తి చూడరు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే చిలకా సరస్సు వస్తుంది. అక్కడికి ప్రతి చలికాలమూ లక్షల్లో వచ్చే బాతుల్లో సూదితోక బాతు వంటివి నిజంగా ఉత్తర దేశాలవే.

ఇంకొకటి అమూర్ డేగ. ఇది సైబీరియా తూర్పు కొసన, ఉత్తర చైనాలో పుట్టి, నాగాలాండ్ మీదుగా మన దేశాన్ని దాటి, అరేబియా సముద్రం మీద ఎగిరి ఆఫ్రికా ఖండం చేరుతుంది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వీటిని వలలు పన్ని వేల సంఖ్యలో చంపుతున్నారని బయటపడింది. దేశమంతా నివ్వెరపోయింది. కానీ 2013లో ఆ ఊళ్ళవాళ్ళే వలలు తీసేశారు. అంతవరకూ వేటాడిన చేతులే కాపలా కాశాయి. ఒక్క ఏడాదిలో ఊరు మనసు మార్చుకోగలదని పాంగ్తి గ్రామం ప్రపంచానికి చూపించింది.

2021లో సైబీరియాలోని యాకూతియా ప్రాంతంలో అడవులు భయంకరంగా తగలబడ్డాయి. ఉత్తరాది అడవి కాలితే, మన కొండల్లో చలికాలం పురుగులు ఏరే పిట్ట తగ్గుతుంది. మన కొండ బోడి అయితే, అక్కడి అడవికి వసంతంలో తిరిగి వెళ్ళే పిట్ట తగ్గుతుంది. అక్కడి అడవిని మనం ఆర్పలేం. ఇక్కడి అడవి మాత్రం మన చేతిలో ఉంది.

చెరువు లెక్క

గూడబాతులు సరిగ్గా వానలు వెనకబట్టేటప్పుడే ఎందుకు వస్తాయి? ఇందులో ఒక లెక్క ఉంది. గూడబాతు గుడ్డు పొదగడానికి సుమారు నెల రోజులు. పిల్ల గూడు వదలడానికి ఇంకో మూడు నుంచి ఐదు నెలలు. అంటే దగ్గర దగ్గర అర్ధ సంవత్సరం ఆ పిల్లకు చేప అందుతూ ఉండాలి. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి తిండి తీసుకుంటుంది.

భాద్రపదం, ఆశ్వయుజం నాటికి మన చెరువులు నిండి ఉంటాయి. చేపపిల్లలు ఎదుగుతూ ఉంటాయి. పుష్యం, మాఘం వచ్చేసరికి నీరు తగ్గుతుంది, చేప ఒకచోటికి చేరుతుంది. పిల్లలకు ఆకలి ఎక్కువయ్యే కాలమూ, చేప సులువుగా దొరికే కాలమూ ఒకటే అవుతాయి. ఎర్రకాళ్ళ కొంగయితే కంటితో కూడా వెతకదు. ముక్కు కొద్దిగా తెరిచి నీళ్ళలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది. అందుకు మోకాలి లోతు నీళ్ళే కావాలి. చెరువును లోతుగా తవ్వి గట్లు నిలువుగా పెడితే ఆ కొంగకు అది చెరువు కాదు, బావి.

కాబట్టి ఆ పక్షులకు రెండు ఉండాలి. గూటికి ఊళ్ళో పెద్ద చెట్టు, తిండికి ఊరి చుట్టూ లోతులేని నీరు. నౌపడ ప్రాంతంలో ఉప్పుమడులు, తంపర భూములు, చెరువులు ఉండబట్టే తేలినీలాపురానికి ఆ భాగ్యం దక్కింది.

కొండకూ చెరువుకూ లంకె

మరి ఆ నీరు ఎక్కడిది? మన రెండు జిల్లాల పటం తీసి చూడండి. పడమరన, ఉత్తరాన తూర్పు కనుమల వరస. తూర్పున బంగాళాఖాతం. మధ్యలో వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా నదులు. అన్నీ కొండల్లో పుట్టినవే. కొండ మీద అడవి ఉంటే, రాలిన ఆకు వానను పీల్చుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. గెడ్డలు సంక్రాంతి దాటినా పారుతాయి. అడవి పోతే, వాన పడిన రోజు వరద, మర్నాడు ఎండు ఇసుక. వరదతో వచ్చిన మట్టి కింద చెరువులో మేట వేస్తుంది.

అడవిని నిలబెట్టేది కూడా పక్షులే. మర్రి, రావి, నేరేడు పండ్లు తిన్న పికిలిపిట్టలు, పచ్చపావురాలు గింజను ఇంకోచోట వదులుతాయి. సీతంపేట, సాలూరు కొండల్లో విత్తు చల్లే కూలి తీసుకోని కూలీలు అవి.

కొండ మీద అడవి తగ్గిందంటే ఠక్కున “గిరిజనుల పోడు వల్లే” అనేస్తారు. ఈ హాస్టల్లో సవర, జాతాపు కుటుంబాల పిల్లలు మన పక్క మంచాల మీదే పడుకుంటారు. వాళ్ళను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. తాతల నాటి పోడులో ఒకచోట కొన్నేళ్ళు సాగుచేసి, మళ్ళీ అడవికి వదిలేసేవారు. ఇప్పపూవు చెట్టును, చింతను, పనసను నరికేవారు కాదు. రోడ్లకు, కలపకు, గనులకు, ఒకే రకం మొక్కల తోటలకు పోయిన అడవిని లెక్కలోంచి తీసేసి, పోడునొక్కదాన్నే నిందించడం న్యాయం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద హక్కుతోపాటు దాన్ని కాపాడే బాధ్యతను కూడా గ్రామసభకు ఇచ్చింది. ఆ రెండో మాటను కూడా మనం చదువుకోవాలి.

ప్రమాదం ఎటు నుంచి?

మొదటిది తుపాను. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని కుదిపేశాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలమట్టమయ్యాయి. ఇళ్ళు పోతే కొన్నాళ్ళకు మళ్ళీ కట్టుకోవచ్చు. గూళ్ళు మోసే పెద్ద చింతచెట్టు పోతే, మళ్ళీ అంతటిది కావడానికి ఒక తరం పడుతుంది.

రెండోది నీటి నేలల్ని బీడు భూములని పిలవడం. కాగితం మీద బీడు, మన కళ్ళకు బతుకు. మన ఇళ్ళలో చాలామందికి పట్టా భూమి లేదు. గేదెకు గడ్డి, కూరకు చేప, పొయ్యికి పుల్ల వచ్చేది తంపర నుంచి, బీల నుంచి, చెరువు గట్టు నుంచి. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం నిలబడ్డప్పుడు, 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ళ సంస్థ రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గర మళ్ళీ కాల్పులు, మళ్ళీ ఇద్దరి మరణం. ఆ వాదోపవాదాల్లో తేలినీలాపురం పక్షుల మాట కూడా వచ్చింది. పక్షి తిండి తినే నేల, పేదవాడు తిండి తినే నేల ఒకటేనని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మూడోది కంటికి కనిపించని విషం. పొలంలో కొట్టిన మందు నత్తలోకి, నత్త నుంచి కొంగలోకి చేరుతుంది. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు చెట్ల మీద నుంచి రాలి పెద్ద సంఖ్యలో చనిపోయాయి. పరీక్షిస్తే వాటి ఒంట్లో నులిపురుగులు కనిపించాయి. చెరువుల్లో తిన్న చేపల ద్వారా అవి చేరి ఉంటాయని అనుమానించారు. మనకు హాస్టల్లో ఏటా నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఎగిరే పక్షికి మాత్ర ఎవరిస్తారు? దానికి శుభ్రమైన నీరే మందు.

పక్షి ఒకసారి ఊరు విడిచిపెడితే మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరిలో, కొల్లేటి సీమలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నారు. దేశమంతా దాని గురించి చెప్పుకున్నారు. తర్వాత కొన్ని దశాబ్దాలకే ఆ స్థావరం లేకుండా పోయింది. కొల్లేటికి గూడబాతులు చాలాకాలానికి తిరిగి వచ్చాయి గానీ ఆ పాత స్థావరం మాత్రం పుస్తకాల్లోనే మిగిలింది.

చెట్టు ఒకరిది, పేరు ఊరిది

ఇక్కడ ఒక నిజాన్ని దాచకూడదు. గూళ్ళున్న చెట్టు ఎవరి పెరట్లోనో ఉంటుంది. ఆ ఇంటివాళ్ళు కింద పడే రెట్టను, కుళ్ళిన చేపల వాసనను నెలల తరబడి భరిస్తారు. చింతపండు దులుపుకోలేరు. కూతురి పెళ్ళికో ఆసుపత్రి ఖర్చుకో చెట్టు అమ్ముకుందామంటే ఊరు ఒప్పుకోదు. పేరు ఊరికి, ఫోటో పత్రికకు, నష్టం మాత్రం ఆ ఒక్క ఇంటికి! కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో కూడా ఇవే గూడబాతులు, ఇవే ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్ల మీద గూడు కడతాయి. అక్కడ అటవీశాఖ చెట్టు యజమానులకు నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. మన దగ్గర కూడా ఆ ఇళ్ళకు, వాళ్ళు ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేకుండా, ఏటా అందే పరిహారం ఉండాలి. పేదవాడి ఓర్పు మీద నడిచే సంరక్షణ ఎంతోకాలం నిలవదు.

మనం ఏం చేయగలం?

మనం హాస్టలు విద్యార్థులం. డబ్బు లేదు, అధికారం లేదు. అయినా చేయగలిగినవి ఉన్నాయి.

1. పక్షిని సరైన పేరుతో పిలుద్దాం. ఎవరైనా “సైబీరియా పక్షి” అంటే, “కాదండీ, ఇక్కడే పుట్టింది” అని మర్యాదగా చెబుదాం.

2. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకుందాం. మొదటి పక్షి వచ్చిన తేదీ, గూళ్ళున్న చెట్లు ఎన్ని, చెరువులో నీరు ఎంత, ఇవి రాద్దాం. ఐదేళ్ళు రాసిన ఆ పుస్తకం ఏ అధికారి ముందు పెట్టినా సాక్ష్యమే.

3. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళోని చెట్టూ పిట్టా అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కాలి. మన ఊరి కమిటీ ఎక్కడుందో, ఆ రిజిస్టరు ఎవరి బీరువాలో ఉందో సర్పంచి గారిని అడుగుదాం.

4. పక్షులున్న రోజుల్లో దీపావళి టపాకాయలు ఆ చెట్ల దగ్గర కాల్చవద్దు. గూటి నుంచి పడిన పిల్ల కనిపిస్తే రాళ్ళు విసిరేవాళ్ళను ఆపి, ఊరి పెద్దలకు, అటవీశాఖ వారికి చెబుదాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని చంపడం నేరం.

5. ఈ హాస్టలు ఆవరణలో కూడా చింత, రావి, కానుగ మొక్కలు నాటుదాం. అవి పెద్దవయ్యేసరికి మనం ఉండం. మనం తిన్న చింతకాయలు కూడా మనం నాటిన చెట్టువి కావు కదా!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పుస్తకంలో ఉన్న మాటనైనా, పత్రికలో అచ్చయిన మాటనైనా, మన కళ్ళతో చూసి సరిచూసుకోవడానికే మనల్ని మనవాళ్ళు కూలిచేసి చదివిస్తున్నారు. గూడు ఎక్కడ కడితే ఊరు అక్కడే. ఆ లెక్కన గూడబాతు శ్రీకాకుళం జిల్లా వాసి. దానికి ఓటు లేదు, రేషను కార్డు లేదు, అర్జీ రాయడం రాదు. మనకు వచ్చు. దాని తరఫున మొదటి అర్జీ మన హాస్టలు నుంచే వెళ్ళాలని మా కోరిక.